టెక్సాస్ ఎల్‌సిడిసి రెన్యువల్ కోసం కొన్న సీఈ ప్యాకేజీ: 5కి 2.5

నేను డాలస్ దగ్గర అడిక్షన్ కౌన్సెలర్‌ని. ఇక్కడ ఎల్‌సిడిసి (లైసెన్స్‌డ్ కెమికల్ డిపెండెన్సీ కౌన్సెలర్) లైసెన్స్ రెండేళ్ళకోసారి రెన్యూ చేసుకోవాలి, దానికి 40 గంటల సీఈ (కంటిన్యూయింగ్ ఎడ్యుకేషన్, అంటే లైసెన్స్ నిలబెట్టుకోడానికి చేసే కోర్సులు) కావాలి, మాస్టర్స్ ఉన్నోళ్ళకి 24 చాలు, అందులో 3 గంటలు ఎథిక్స్ ఉండాల్సిందే. పొద్దున గ్రూపులు, సాయంత్రం నోట్సు, ఇంటికొస్తే పిల్లల హోంవర్కు, ఇక క్లాసులకి ఎక్కడ కూర్చుంటాం, అందుకే ఆన్‌లైన్లో ఒక ప్యాకేజీ కొనేశా. పేరు చెప్పను, ఇలాంటివి బోలెడు ఉన్నాయి.

వాడుకోడానికి మాత్రం హాయిగా ఉంది. ఫోన్లో కూడా తెరుచుకుంటుంది, క్విజ్ అవ్వగానే సర్టిఫికెట్ వచ్చేస్తుంది, గంటలు, ప్రొవైడర్ నంబరు అన్నీ నీట్‌గా ఉంటాయి, రేపు ఆడిట్‌కి పిలిచినా భయం లేదు.

అసలు గొడవంతా లోపలి సరుకుతోనే. చాలావరకు పీడీఎఫ్‌లే, చదవకపోయినా క్విజ్ పాసైపోవచ్చు. అదన్నా సర్లే అనుకోవచ్చు గానీ ఓపియాయిడ్ (హెరాయిన్, ఫెంటనిల్ లాంటివి) కోర్సులో, ఆ వ్యసనానికి ఇచ్చే మందు బ్యూప్రెనార్ఫిన్ రాయాలంటే డాక్టరుకి ఎక్స్ వేవర్ అనే ప్రత్యేక అనుమతి ఉండాలని ఇంకా చెప్తున్నారు, అది 2022 చివర్లోనే తీసేశారు కదా! ఓపియాయిడ్ ఓవర్‌డోస్ అయినప్పుడు ప్రాణం కాపాడే నార్కాన్ స్ప్రేకి ప్రిస్క్రిప్షన్ కావాలని ఇంకోచోట ఉంది, 2023 మార్చిలోనే ఎఫ్‌డీఏ దాన్ని మామూలుగా షాపులో కొనుక్కునేలా అప్రూవ్ చేసింది. ఇది నమ్మి ఏ కౌన్సెలరన్నా క్లయింట్ వాళ్ళమ్మకి "డాక్టర్ చీటీ లేకుండా ఇవ్వరండీ" అని చెప్తే, ఆవిడ ఆ స్ప్రే ఇంట్లో పెట్టుకోకుండా ఊరుకుంటే పరిస్థితేంటి? ఏసామ్ క్రైటీరియా (ఏ పేషెంటుకి ఏ స్థాయి ట్రీట్‌మెంట్ కావాలో తేల్చే గైడు) కూడా పాత ఎడిషన్‌దే, నాలుగోది 2023లోనే వచ్చింది.

ఎథిక్స్ కోర్సు మాత్రం నిజంగా బాగుంది, ఎవరు రాశారో గానీ పనిచేసిన మనిషే రాసుంటారు. చిన్న ఊళ్ళో అందరూ అందరికీ తెలిసినవాళ్ళే అయితే కౌన్సెలర్ ఎలా ఉండాలి అని ఒక కేసు ఇచ్చారు, అది అచ్చం ఇక్కడి మన తెలుగోళ్ళ సంగతే. గుళ్ళో ప్రసాదం లైన్లో ఒక ఆంటీ వచ్చి "మావాడు మీ దగ్గరికి సరిగ్గా వస్తున్నాడామ్మా?" అని అడిగితే, 42 సీఎఫ్ఆర్ పార్ట్ 2 (అడిక్షన్ ట్రీట్‌మెంట్ వివరాలు గోప్యంగా ఉంచాలనే ఫెడరల్ రూలు) ప్రకారం ఆ అబ్బాయి రాతపూర్వకంగా ఒప్పుకోకుండా వస్తున్నాడనీ చెప్పకూడదు, రావట్లేదనీ చెప్పకూడదు, పెద్దావిడ మొహం చూస్తూ అలా అనడం ఎంత కష్టమో మనకే తెలుసు. ఏ మాటతో తప్పుకోవాలో కూడా రాశారు, ఆ పేజీ ప్రింట్ తీసి పెట్టుకున్నా.

మిగతా గంటలకైతే నాడాక్ (అడిక్షన్ కౌన్సెలర్ల జాతీయ సంఘం) వెబినార్లు చాలా నయం. చూడ్డం ఎవరికైనా ఫ్రీ, మెంబర్లకి సీఈ సర్టిఫికెట్ కూడా ఫ్రీ, మిగతావాళ్ళు కొంత కట్టాలి.

ఇలాంటి ప్యాకేజీ ఏది కొన్నా ముందు కోర్సు పేజీలో చివరిసారి ఎప్పుడు అప్‌డేట్ చేశారో చూడండి, డేట్ లేకపోతే మెయిల్ పెట్టి అడగండి. ఇంకోటి, రెన్యువల్‌కి కావాల్సిన హ్యూమన్ ట్రాఫికింగ్ ట్రైనింగ్ ఇందులో లేదు, అది హెచ్‌హెచ్‌ఎస్‌సీ (మన లైసెన్స్ ఇచ్చే టెక్సాస్ హెల్త్ ఏజెన్సీ) అప్రూవ్ చేసిన లిస్టులోంచే చేయాలి, ఫ్రీవి కూడా ఉన్నాయి, దానికి విడిగా డబ్బులు పెట్టకండి.