పాత బౌలర్ టోపీకి సొట్ట తీయించాలంటే కర్నూలు వన్ టౌన్‌లోనే

బౌలర్ అంటే బొచ్చును అదిమి చేసే ఫెల్ట్‌తో తయారైన గుండ్రటి, గట్టి ఇంగ్లీషు టోపీ. పాతది సంపాదించడం కంటే దాన్ని చెడగొట్టకుండా బాగుచేసే మనిషిని పట్టుకోవడమే కష్టం. బెంగళూరులో ఒకచోట చూపిస్తే, లోపలున్నదంతా పీకేసి కొత్తది వేస్తామన్నారు. అలా చేస్తే ఇక అది పాత టోపీ ఎలా అవుతుంది? చివరికి నా పని కర్నూలు వన్ టౌన్‌లో అయింది. పోలీసు టోపీలు, ఎన్‌సీసీ బెరేలు, పెళ్ళి బ్యాండు వాళ్ళ టోపీలు కుట్టే చిన్న షాపు. బోర్డు లేదు. కొండారెడ్డి బురుజు దాటి లోపలి సందుల్లోకి వెళ్ళి బ్యాండు టోపీల భాయ్ అని అడిగితే చూపిస్తారు.

నేనిచ్చింది నల్లటి టోపీ, లండన్ క్రిస్టీస్ కంపెనీది. లోపలి శాటిన్ గుడ్డ మీద బంగారు రంగు ముద్ర ఇంకా చెదరలేదు. సైజు 7, అంటే మన టేపుతో 57 సెంటీమీటర్లు. గుంతకల్లు రైల్వే కాలనీలో ఖాళీ చేస్తున్న ఒక ఇంట్లో దొరికింది. ఇక్కడి ఎండలకు దొరలు ఎక్కువగా తేలికపాటి బెండు టోపీలే (సోలా టోపీలు) పెట్టుకునేవాళ్ళు కాబట్టి, మన వైపు బౌలర్ కనబడితే వదలకూడదు. ముందువైపు బొటనవేలంత సొట్ట, నుదుటికి ఆనే తోలు పట్టీ సగం ఊడిపోయింది, అంచు చుట్టూ ఉన్న రిబ్బన్ పీలికలైంది.

ఈ టోపీకి ప్రాణం దాని గట్టిదనమే. 1849లో ఎడ్వర్డ్ కోక్ అనే ఆయన, నార్ఫోక్‌లోని తమ కుటుంబ ఎస్టేట్‌లో వేట జంతువులను కాపలా కాసేవాళ్ళ కోసం దీన్ని చేయించాడు. గుర్రాల మీద పోతుంటే కొమ్మలు తగిలి వాళ్ళ పొడుగు టోపీలు పడిపోయేవట. లండన్ సెయింట్ జేమ్స్ వీధిలోని లాక్ అనే టోపీల దుకాణంలో ఆర్డరిస్తే, థామస్ బౌలర్, విలియం బౌలర్ అనేవాళ్ళు తయారుచేశారు. తీసుకోవడానికి వచ్చిన కోక్ దాన్ని నేలమీద పెట్టి రెండుసార్లు తొక్కి, తట్టుకుందని చూశాకే 12 షిల్లింగులు చేతిలో పెట్టాడని చెబుతారు. ఆ గట్టిదనం ఇచ్చేది లక్క. మన దేశంలో మోదుగ, రేగు చెట్ల మీద పురుగులు పెట్టే లక్కే షెల్లాక్‌గా మారి ఇంగ్లండు టోపీలను బిగబట్టింది. చల్లగా ఉన్నప్పుడు సొట్టను నొక్కితే ఫెల్ట్ పగులుతుంది. ఆవిరి ఎక్కువైతే మెత్తబడి ఆకారమే పోతుంది.

భాయ్‌కి ఇదేమీ నేను చెప్పలేదు. టోపీ అంచును గోటితో తట్టి, ఆ చప్పుడు విని, "దీంట్లో లక్క ఉంది సార్, కొంచెం కొంచెం వేడి చూపిస్తేనే వింటాది" అన్నాడు. పని షాపు లోపల కాకుండా అరుగు మీద చేయమని నేనే పట్టుబట్టాను. పాతకాలంలో కుందేలు బొచ్చును ఫెల్టుగా మార్చడానికి పాదరసం వాడేవాళ్ళు. అమెరికాలో 1941 దాకా వాడారు. అది టోపీలో మిగిలి ఉంటే ఆవిరితో పాటు పైకి లేస్తుంది. ఈ విషయంలో మొహమాటపడకండి, గాలి ఆడే చోటే చేయించండి.

కెటిల్ ఆవిరికి టోపీ లోపలివైపు చూపించి, తీసి, మడిచిన గుడ్డతో లోపలి నుంచి సొట్టను మెల్లగా తోశాడు. కాస్త ఆరనిచ్చి మళ్ళీ. బ్యాండు టోపీల చెక్క దిమ్మ మరీ గుండ్రంగా ఉందని, దానికి ముందూ వెనకా గుడ్డ పట్టీలు చుట్టి కోలగా చేసి, టోపీని దాని మీద చల్లారనిచ్చాడు. సొట్ట పోయింది, గట్టిదనం అలాగే ఉంది. తోలు పట్టీ పని ఇంకా బాగా నచ్చింది. ఊడిన మేరకే గొర్రె తోలు పలచగా చెక్కి అతికించి, పాత సూది రంధ్రాల్లోంచే కుట్టుకుంటూ పోయాడు. ఫెల్ట్‌కి ఒక్క కొత్త రంధ్రం పడలేదు. పట్టీ వెనకవైపున్న బుల్లి ముడి కూడా దాని చోటే ఉంది. ముద్ర ఉన్న గుడ్డను ముట్టుకోనే లేదు. మొత్తం 850 రూపాయలు. నా మటుకు ఇది చాలా తక్కువ.

నచ్చనిది రిబ్బన్. అంచుకు బ్యాండు టోపీలకు వాడే మెరిసే రిబ్బన్ వేశాడు. అంత పనితనం మీద ఆ మెరుపు చూస్తే ప్రాణం ఉసూరుమంది. బెంగళూరు చిక్‌పేట నుంచి సన్న గీతల నూలు రిబ్బన్ తెప్పించి ఇస్తే, మారు మాట్లాడకుండా మార్చి కుట్టాడు, డబ్బు తీసుకోలేదు. చెదలో పురుగో కొట్టి చిల్లులు పడ్డవి ఆయన తీసుకోడు. "అది నా చేతిలో కాదు సార్" అని ముందే చెప్పేస్తాడు. ఈ మాట అనగలిగేవాళ్ళకే నా టోపీలు ఇస్తాను.

వెళ్ళేవాళ్ళు రిబ్బన్ వెంట తీసుకెళ్ళండి. టోపీని అంచు పట్టుకుని ఎత్తండి, పైన వేళ్ళతో పిసకొద్దు. రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో మాత్రం కారులో పెట్టుకుని బయల్దేరకండి, తలుపులు మూసిన కారు వేడికి లక్క మెత్తబడుతుంది. పెళ్ళిళ్ళ సీజన్లో, ఆగస్టు 15 ముందు ఆయన చేతిలో బ్యాండు, పరేడ్ టోపీలే ఉంటాయి, మనది పక్కన పడి ఉంటుంది. శుక్రవారం మధ్యాహ్నం నమాజు వేళ షాపు మూస్తారు.