పాత బండి రేడియేటర్‌లో ఏం పోయాలి: బోరు నీళ్లా, ప్లాంటు నీళ్లా, కూలెంటా?

మార్చి దాటిందంటే చాలు, ఇదే ప్రశ్న. "అన్నా, స్కార్పియో హీటెక్కుతుంది, కూలెంట్ పొయ్యాల్నా, నీళ్లు సరిపోతయా?" అని ఒకరు, "కూలెంట్ పోసినా హీటెక్కుతుంది, మరి దండగే కదా" అని ఇంకొకరు. దేవరకొండ, మల్లేపల్లి, అచ్చంపేట వైపు పదేళ్లు దాటిన స్కార్పియోలు, బొలెరోలు, సఫారీలు, ఇప్పటికీ తిరుగుతున్న క్వాలిస్‌లు చాలానే ఉన్నాయి. వాటిలో ఎక్కువ బండ్లు షోరూమ్‌కి పోవడం ఎప్పుడో మానేశాయి. ఇంజన్ ఆయిల్, ఫిల్టర్లు, బెల్టులు ఓనర్లే ఇంటి దగ్గర మార్చుకుంటున్నారు. ఈ మధ్యే నేను కూడా మా 2010 స్కార్పియోకి మొత్తం కూలింగ్ లైను కడిగి కొత్తగా నింపాను కాబట్టి, ఫోన్‌లో విడివిడిగా చెప్పేకంటే ఒక్కసారి వివరంగా రాద్దామనిపించింది.

ముందే నా మాట చెప్పేస్తాను. కూలెంట్ అంటే గ్లైకాల్‌లో తుప్పు నిరోధకాలు కలిపిన రంగు ద్రవం, నీళ్లతో కలిసి ఇంజన్ వేడిని మోసేది. అది ఏ కంపెనీది, ఎర్రదా పచ్చదా అన్నది మన ప్రాంతంలో రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న, అందులోకి పోయే నీళ్లు ఎక్కడివి అన్నది. ఖరీదైన కూలెంట్ డబ్బా కొనుక్కొచ్చి, ఇంటి వెనక బోరు మోటారు వేసి బకెట్ నింపుకొని, ఆ నీళ్లతోనే కలిపి పోసే వాళ్లను ఎంతమందిని చూశానో. అలా పోస్తే డబ్బాకు పెట్టిన డబ్బులో సగం వృథా అయినట్టే.

ఎందుకంటే, మనది రాతి నేల. పగుళ్లలో నుంచి వచ్చే బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు దండిగా కరిగి ఉంటాయి. నల్గొండ నీళ్లు అనగానే అందరికీ ఫ్లోరైడ్ గుర్తొస్తుంది, దాన్ని తీసే పద్ధతికి నాగపూర్‌లోని నీరి సంస్థ వాళ్లు నల్గొండ టెక్నిక్ అనే పేరే పెట్టారు. కానీ రేడియేటర్‌కు పెద్ద సమస్య ఫ్లోరైడ్ కాదు, సున్నం. తాగే నీళ్లకు మన దేశ ప్రమాణం ప్రకారం మొత్తం కఠినత, అంటే ఈ కాల్షియం, మెగ్నీషియం లవణాల లెక్క, లీటరుకు 200 మిల్లీగ్రాములు ఉంటే మంచిది, వేరే దారి లేకపోతే 600 దాకా ఒప్పుకుంటారు. మీ బోరులో ఎంత ఉందో ల్యాబ్‌కి పోకుండానే ఒక అంచనాకు రావచ్చు. బకెట్‌లో పెట్టే వాటర్ హీటర్ రాడ్ తీసి చూడండి. దాని మీద తెల్లగా, గట్టిగా పేరుకున్న పొర ఉంటే, అదే పొర మీ ఇంజన్ లోపల కూడా కడుతోంది. నీళ్లలో కరిగి ఉన్న కాల్షియం బైకార్బనేట్ వేడి తగలగానే కార్బనేట్‌గా మారి గోడలకు పట్టేస్తుంది, రాడ్ మీదైనా ఇంజన్‌లోనైనా జరిగేది ఇదే.

ఇక్కడ చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. ఆ పొర ఎక్కువగా కట్టేది రేడియేటర్‌లో కాదు, ఎక్కడ వేడి ఎక్కువ ఉంటే అక్కడ, అంటే ఇంజన్ పైభాగమైన హెడ్‌లో, పొగ బయటికి పోయే ఎగ్జాస్ట్ వాల్వ్‌ల చుట్టూ. సున్నపు పొర వేడిని పోత ఇనుముకంటే సుమారు ఇరవై రెట్లు తక్కువగా పోనిస్తుంది కాబట్టి, పలుచని పొర అయినా సరే దాని వెనక ఉన్న లోహం మామూలుకంటే ఎక్కువ వేడెక్కుతుంది, పైగా మీటరు ముల్లు చూపించేది నీళ్ల వేడిని, లోహం వేడిని కాదు. అందుకే బండి హీటెక్కుతోందని రేడియేటర్ విప్పి శుభ్రం చేయించినా, కొత్తది కొని పెట్టించినా కొన్నిసార్లు తేడా రాదు. ఆ తర్వాత "థర్మోస్టాట్ తీసేద్దాం సార్" అంటారు మెకానిక్‌లు. ఇంజన్ వేడెక్కాకే నీళ్లకు రేడియేటర్ దారి తెరిచే వాల్వ్ అది. దయచేసి తీయించకండి. చాలా ఇంజన్లలో థర్మోస్టాట్ తెరుచుకున్నప్పుడే బైపాస్ దారి మూసుకుంటుంది, అది లేకపోతే వేడి నీళ్లలో కొంత భాగం రేడియేటర్‌కే పోకుండా ఇంజన్‌లోనే తిరుగుతుంది. ఎండాకాలంలో ఘాట్ ఎక్కేటప్పుడు అది మేలు చేయకపోగా కీడు చేస్తుంది. చలికాలం పొద్దున్నే ఇంజన్ సరిగా వేడెక్కక డీజిల్ కూడా ఎక్కువ తాగుతుంది.

నీళ్లే మంచివి అనే మెకానిక్‌ల మాటలోనూ నిజం ఉంది, అది కూడా చెప్పాలి. వేడిని మోయడంలో మంచినీళ్లను మించింది లేదు. కిలో నీళ్లను ఒక డిగ్రీ పెంచడానికి 4.2 కిలోజౌళ్లు కావాలి, సగం సగం కలిపిన కూలెంట్‌కు 3.5 దగ్గర సరిపోతుంది, అంటే అది అంత తక్కువ వేడిని మోస్తుంది. మనకు ఇక్కడ నీళ్లు గడ్డకట్టే చలి లేదు, కాబట్టి మైనస్ 37 డిగ్రీల దాకా గడ్డకట్టదు అని డబ్బా మీద రాసిన దానితో మనకు పనిలేదు. మరి కూలెంట్ ఎందుకు అంటే, రెండింటి కోసం. ఒకటి, అందులో కలిపే తుప్పు నిరోధకాలు. చాలా డీజిల్ ఇంజన్లలో బ్లాకు పోత ఇనుము, హెడ్ అల్యూమినియం, రేడియేటర్ అల్యూమినియమో రాగి ఇత్తడో. ఇన్ని లోహాలు ఉప్పు నీళ్లలో కలిసి ఉంటే వాటిలో బలహీనమైనది తినేయబడుతుంది, వాటర్ బాడీ (నీళ్లను తిప్పే పంపు) సీలు కూడా త్వరగా పోతుంది. రెండోది, మరిగే స్థాయి. మామూలు నీళ్లు 100 డిగ్రీలకు మరిగితే, సగం సగం మిశ్రమం 108 దాకా ఆగుతుంది, మూత ఒత్తిడి దీని మీద ఇంకా పెంచుతుంది. బయట 44 డిగ్రీల ఎండలో, ఏసీ వేసుకొని, నిండా మనుషులతో శ్రీశైలం ఘాట్ ఎక్కేటప్పుడు ఆ కొన్ని డిగ్రీలే పనికొస్తాయి.

మూత గురించి ఒక మాట. రేడియేటర్ మూత రబ్బరు గట్టిపడిందంటే ఒత్తిడి నిలవదు, మీరు ఏం పోసినా ముందే మరిగిపోతుంది. పదేళ్ల బండికి మొదట మార్చాల్సింది అదే, కాకపోతే పాత మూత మీద ఉన్న బార్ అంకె (ఎంత ఒత్తిడి ఆపుతుందో చెప్పేది) చూసి అదే అంకెది కొనండి. ఎక్కువ అంకెది పెడితే పాత హోస్ పైపులు పగులుతాయి.

ఇప్పుడు ఒక్కొక్కటీ చూద్దాం.

ప్లాంటు నీళ్లు, అంటే ఊళ్లో ఇరవై లీటర్ల క్యాన్‌లో ఇచ్చే ఆర్వో నీళ్లు, బోరుకంటే చాలా నయం. సున్నం చాలావరకు పోతుంది. కానీ ఏ ప్లాంటు ఎలా నడుస్తుందో, ఫిల్టర్ పొరలు ఎప్పుడు మార్చారో మనకు తెలియదు. నీళ్లలో కరిగిన లవణాలు ఎంతో చూపే చిన్న టీడీఎస్ మీటర్ ఉంటే ముంచి చూడండి, యాభై లోపు చూపిస్తే కొంచెం తగ్గినప్పుడు పైకి పోసుకోవడానికి పర్వాలేదు. మొత్తం నింపడానికి మాత్రం నేను వాడను. మిషన్ భగీరథ నల్లా నీళ్లు మన దగ్గర కృష్ణా నీళ్లే కాబట్టి బోరుకంటే మెత్తగా ఉంటాయి, కానీ వాటిలోనూ లవణాలు, క్లోరిన్ ఉంటాయి. దారిలో చిక్కుకుంటే సరే, అలవాటుగా వద్దు.

బ్యాటరీ షాపుల్లో దొరికే డిస్టిల్డ్ వాటర్ ఒక్కటే పోస్తే? సున్నం కట్టదు, కానీ తుప్పును ఆపేది అందులో ఏమీ లేదు. కొన్నాళ్లకు రిజర్వాయర్ డబ్బాలో నీళ్లు ఎర్రబడతాయి. కడగడానికి మాత్రం ఇంతకంటే మంచిది లేదు, ఐదు లీటర్ల క్యాన్ రెండు వందల లోపే వస్తుంది.

ఏసీ నుంచి కారే నీళ్లు, వాన నీళ్లు పోయొచ్చా అని కూడా అడుగుతారు. లవణాలు తక్కువే, దుమ్మూ ధూళీ ఎక్కువ. డిస్టిల్డ్ అంత చవకగా దొరుకుతుంటే వాటి జోలికి పోనక్కర్లేదు.

అసలు పోటీ మిగిలిన రెండింటి మధ్యే ఉంది: నేరుగా పోసే రెడీమిక్స్ కూలెంటా, డిస్టిల్డ్ వాటర్‌లో మనమే కలుపుకునే కాన్సంట్రేటా? కొత్త బండికి, లేదా ఎప్పుడూ కూలెంటే పోసిన బండికి రెడీమిక్స్ చాలా సుఖం. నీళ్లు ఎక్కడివన్న టెన్షన్ ఉండదు, కొలతలు ఉండవు. అంతవరకూ దాన్ని తప్పుపట్టను.

కానీ చేతులు మారి వచ్చిన పాత ఎస్‌యూవీకి ఇంటి దగ్గర మార్చేటప్పుడు నేను కాన్సంట్రేట్ వైపే ఉంటాను. కారణం లెక్కలో ఉంది. రేడియేటర్ కింద నీళ్లు వదిలే డ్రెయిన్ కాక్ తిప్పితే రేడియేటర్‌లోవి మాత్రమే కారిపోతాయి, బ్లాకులో, హీటర్ కోర్‌లో (క్యాబిన్‌కు వేడి గాలి ఇచ్చే చిన్న రేడియేటర్) ఉన్నవి అలాగే ఉండిపోతాయి. మొత్తం 8 లీటర్లు పట్టే బండి అనుకుందాం (మీ బండిది మాన్యువల్‌లో ఉంటుంది), 5 లీటర్లు బయటికి వచ్చాయి, 3 లీటర్ల నీళ్లు లోపలే ఉన్నాయి. ఇప్పుడు సగం సగం రెడీమిక్స్ 5 లీటర్లు పోస్తే లోపలికి వెళ్లిన అసలు కూలెంట్ రెండున్నర లీటర్లే, అంటే 8 లీటర్లలో 31 శాతం. మీరేమో 50 శాతం ఉందనుకుంటారు. అదే కాన్సంట్రేట్ అయితే ముందు 4 లీటర్లు అది పోసి, మిగిలిన లీటరు డిస్టిల్డ్ వాటర్‌తో నింపితే సరిగ్గా 50 శాతం వస్తుంది. లోపల మిగిలిపోయిన నీళ్లు కూడా మనం కడిగేటప్పుడు పోసిన డిస్టిల్డ్ వాటరే కాబట్టి మొత్తంలో ఎక్కడా బోరు చుక్క ఉండదు. చెప్పానుగా, నాకు తేల్చే విషయం నీళ్లే అని. అది చివరి చుక్క దాకా మన చేతిలో ఉండేది ఈ పద్ధతిలోనే.

ఒక జాగ్రత్త. కొన్ని డబ్బాల మీద 1:1 అని ఉంటుంది, కొన్నింటి మీద 1:2, 1:3 అని ఉంటుంది, చదివి కలపండి. ఎక్కువ పోస్తే ఎక్కువ చల్లదనం అనుకొని నీళ్లు కలపకుండా పోసేవాళ్లూ ఉన్నారు, అది అస్సలు చేయకూడదు, చిక్కటి గ్లైకాల్ వేడిని సరిగా మోయదు. రంగు సంగతికొస్తే, రంగుకు ఒకే నియమం లేదు, ఒక కంపెనీ ఎరుపు ఇంకో కంపెనీ ఎరుపు ఒకటే కానక్కర్లేదు. మాన్యువల్‌లో ఏ రకం అని ఉందో చూడండి, పాతది ఏదో తెలియకపోతే పూర్తిగా కడిగాకే కొత్తది పోయండి. రకాలు కలిస్తే ఒక్కోసారి జిగురులా ముద్ద కట్టి సన్న గొట్టాలు మూసుకుపోతాయి.

కడగడం కష్టమేమీ కాదు, ఓపిక కావాలి. రాత్రంతా ఆగిన బండికే మూత తీయండి, వేడి మీద తీస్తే మొహం మీదికి చిమ్ముతుంది. పాతది కార్చి, డిస్టిల్డ్ వాటర్ నింపి, హీటర్ బటన్ పూర్తి వేడి వైపు తిప్పి, థర్మోస్టాట్ తెరుచుకొని కింది హోస్ పైపు కూడా వేడెక్కేదాకా ఇంజన్ నడపండి. పూర్తిగా చల్లారాక మళ్లీ కార్చండి. నీళ్లు తేటగా వచ్చేదాకా ఇదే. సున్నం బాగా పట్టిన బండికి నిమ్మ ఉప్పు కరిగించి పోస్తారు, పనిచేస్తుంది, కానీ చాలా ఏళ్లు బోరు నీళ్లు తాగిన రేడియేటర్ అయితే ఆ పొరే కొన్నిచోట్ల చిల్లులను మూసి పట్టి ఉంచుతుంది, అది కరిగిందంటే కారడం మొదలవుతుంది. అలాంటి బండికి నిమ్మ ఉప్పు వాడేముందు రేడియేటర్ మార్చే ఖర్చుకు సిద్ధంగా ఉండండి. లీకు ఆపడానికి పసుపు పోయడం, పొడులు పోయడం మాత్రం వద్దు, లీకుతో పాటు హీటర్ కోర్ కూడా మూసుకుపోతుంది.

తీసిన పాత కూలెంట్‌ను వాకిట్లో, పొలంలో పారబోయకండి. ఇథిలిన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కుక్కలు, పశువులు నాకుతాయి, కొంచెమైనా కిడ్నీలు పోయి చనిపోతాయి. క్యాన్‌లో పట్టి మూతపెట్టి, పిల్లలకు అందకుండా పెట్టి, పాత ఆయిల్ తీసుకునే గ్యారేజీ వాళ్లు ఒప్పుకుంటే వాళ్లకివ్వండి.

ఇక శ్రీశైలం అడవి దారిలో మన్ననూరు దాటాక, సిగ్నల్ లేని చోట హోస్ పగిలిందనుకోండి, అప్పుడు పైన రాసిందంతా పక్కన పెట్టండి. బండి ఆపి, కనీసం అరగంట చల్లారనిచ్చి, టేపు చుట్టో బిగించో, తాగే నీళ్ల సీసాలున్నా, ఏ ఊరి బోరున్నా అవే పోసుకొని బయటపడండి. ఇంజన్ వేడి మీద ఉండగా చల్ల నీళ్లు మాత్రం పోయకండి, హెడ్ పగులుతుంది. ఇంటికి చేరాక వారం లోపు ఆ నీళ్లన్నీ తీసేసి డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, కొలత ప్రకారం మళ్లీ నింపుకోండి.