బండి దగ్గర టిఫినా, హోటల్లో భోజనమా?

రావులపాలెం దాటి కోనసీమలోకి దిగాక ఆకలికి రెండు దారులు: రోడ్డు పక్క టిఫిన్ బండి, కూర్చుని తినే భోజన హోటల్.

ఖర్చు: బండి దగ్గర తక్కువ. హోటల్లో ఎక్కువే, కానీ పప్పు, పులుసు మారు వడ్డిస్తారు.

సమయం: బండికి 10 నిమిషాలు, హోటల్‌కి అరగంట.

రుచి: ఉదయం పూట నా ఓటు బండికే. పెనం మీంచి నేరుగా చేతికొచ్చే పెసరట్టు ఉప్మాకు సాటి లేదు. అంబాజీపేట వైపు వెళితే పనసాకు బుట్టల్లో ఉడికిన పొట్టిక్కలు వదలకండి. ఆ ఆకు వాసన పిండికి పట్టి ఉంటుంది, ఇంటి ఇడ్లీకి అది రాదు.

ప్రమాదం: వేడి అట్టుతో భయం తక్కువ. జాగ్రత్తంతా కొబ్బరి చట్నీతో, తాగే నీటితో. ఎండ ఎక్కాక చట్నీ త్వరగా పాడవుతుంది. నీళ్లు వెంట ఉంచుకోండి. హోటల్లో చేతులు కడుక్కునే వీలుంటుంది, గోడమీద 14 అంకెల ఆహార లైసెన్సు సంఖ్య ఉందో లేదో చూడవచ్చు. వరద రోజుల్లో గోదావరి చేప పులస పులుసు అడిగితే మాత్రం ముందే ధర కనుక్కోండి. సముద్రంలో దొరికే విలస చేపను పులస పేరుతో అమ్మేవారూ ఉన్నారు.

ఒంటరి ప్రయాణం, బస్సు తొందర, ఉదయం 9 లోపు అయితే బండి. పిల్లలో పెద్దవాళ్లో వెంట ఉన్నా, మధ్యాహ్నం దాటినా హోటల్.