నెట్‌వర్క్ మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్ కొనేవారికి హెచ్చరిక: తెలిసిన లోపాన్ని దాచి అమ్ముతున్నారు

రౌటర్లు, స్విచ్‌లు అన్నీ ఒకే తెర మీద కనిపిస్తాయని చెప్పి కాలేజీలకూ చిన్న కార్యాలయాలకూ ఈ సాఫ్ట్‌వేర్ అంటగడుతున్న సంస్థ ఏదో ఈ రంగంలో ఉన్నవారికి వేరే చెప్పనక్కర్లేదు. మేమూ పూర్తి సొమ్ము చెల్లించి లైసెన్సు తీసుకున్నాం. గత వారం ఆ సర్వరు పరాయివాడి చేతిలోకి పోయింది.

ఫైర్‌వాల్ (నెట్‌వర్కుకు కాపలా కాసే పరికరం) దగ్గర పట్టిన ప్యాకెట్లను, అంటే వచ్చిపోయే డేటా ముక్కలను, తెరిచి చూస్తే జరిగిందేమిటో కళ్లకు కట్టినట్టు కనిపించింది. బ్రౌజరు తన భాష ఏమిటో తెలిపే హెడరులో (వెబ్ అభ్యర్థనతో పాటు వెళ్లే చిన్న వరుస), మామూలుగా కొద్దిపాటి అక్షరాలే ఉండవలసిన చోట, ఒకే ఇంగ్లిషు అక్షరం తెర నిండా వరుసగా పరచుకుని ఉంది, దాని వెంబడే చదవడానికి వీలుకాని బైట్లు. ఆ హెడరు కోసం స్టాక్ మీద (ఫంక్షను నడిచేంతసేపు వాడుకునే మెమరీ భాగం) కొద్ది చోటు మాత్రమే కేటాయించి, వచ్చినదాని పొడవు చూడకుండానే కాపీ చేసే ప్రోగ్రాము అది. చోటు చాలక పొర్లిపోయిన భాగం, ఫంక్షను పని ముగించాక ఎక్కడికి తిరిగి వెళ్లాలో చెప్పే చిరునామాను చెరిపేసి, దాడి చేసినవాడు పంపిన కోడ్‌ను నడిపించింది. ఆ ప్రోగ్రాము విండోస్‌లో అన్ని అధికారాలూ ఉన్న సిస్టమ్ ఖాతా కింద నడుస్తున్నందువల్ల, లాగిన్ అవసరమే లేకుండా యంత్రమంతా వాడి వశమైంది. మా పరికరాలన్నింటి ఎస్ఎన్ఎంపీ కమ్యూనిటీ స్ట్రింగులూ (పరికరాలను దూరం నుంచి గమనించడానికి, మార్చడానికి వాడే పాస్‌వర్డుల్లాంటివి), కాన్ఫిగరేషన్ బ్యాకప్‌లూ (వాటి అమరికల నకళ్లు) అందులోనే ఉన్నాయి. ఊరందరి తాళంచెవులూ ఉన్న గూటికే కన్నం పడిందన్నమాట.

అంతకన్నా నన్ను మండించింది సపోర్టు విభాగం ఇచ్చిన జవాబు. "ఆ బగ్ మాకు తెలిసిందేనండీ, కొత్త వెర్షన్‌లో తీసేశాం. మీది పాతది కదా, అప్‌గ్రేడ్ లైసెన్సు కొనుక్కోండి" అన్నారు. మాకు అమ్మిన నాటికే మీకు ఈ సంగతి తెలుసా అని అడిగితే, "అదంతా సేల్స్‌వాళ్లతో మాట్లాడుకోండి" అని ఫోన్ పెట్టేశారు. తర్వాత ఆ కొత్త వెర్షన్ విడుదల పత్రం తెప్పించి చూశాను. దాని మీద ఉన్న తేదీ మా కొనుగోలు కంటే ముందుది. ఈ లోపం గురించి అందులో ఉన్నదల్లా "స్థిరత్వం మెరుగుపరిచాం" అన్న ఒక్క ముక్క. అంటే లోపం ఉందని తెలిసే ఆ పాత వెర్షన్‌ను మాకు అమ్మారు, ఇప్పుడు దాన్ని సరిచేయడానికి మళ్లీ డబ్బు అడుగుతున్నారు. ఇది మోసం కాకపోతే మరేమిటి?

ఇదేదో ఊహించలేని లోపమని వారు తప్పించుకోవడానికి వీల్లేదు. 1988 నవంబరులో మోరిస్ వర్మ్ (తనంతట తానే వ్యాపించే హానికర ప్రోగ్రాము) ఫింగర్ సర్వీసులోకి, అంటే యంత్రంలోని వినియోగదారుల వివరాలు చెప్పే ప్రోగ్రాములోకి, చొరబడింది పొడవు చూడని బఫరు (డేటా తాత్కాలికంగా ఉంచే చోటు) గుండానే. 2009 డిసెంబరులో ఇలాంటి నెట్‌వర్క్ మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేరే అయిన హెచ్‌పీ ఓపెన్‌వ్యూ నెట్‌వర్క్ నోడ్ మేనేజర్‌లో వెల్లడైన లోపాల్లో ఒకటి అచ్చంగా ఈ భాషా హెడరుకు సంబంధించినదే. హెచ్‌పీ దాన్ని బహిరంగంగా ప్రకటించి ప్యాచ్ (లోపాన్ని సరిచేసే చిన్న సాఫ్ట్‌వేర్) ఇచ్చింది. 2003 జనవరి 25న స్లామర్ వర్మ్ 376 బైట్లతో ప్రపంచమంతటా మైక్రోసాఫ్ట్ డేటాబేస్ సాఫ్ట్‌వేర్ అయిన ఎస్‌క్యూఎల్ సర్వర్లను ముంచెత్తేనాటికి, దానికి ప్యాచ్ మైక్రోసాఫ్ట్ 2002 జూలైలోనే విడుదల చేసి ఉంది. ప్యాచ్ అందుబాటులో ఉండి వేసుకోని చోటే అంత నష్టం జరిగితే, దాన్ని కొనుగోలుదారుకు చెప్పకుండా దాచిపెట్టేవారిని ఎలా క్షమించాలి?

కొనబోయేవారు భద్రతా ప్యాచ్‌లు ఏ వెర్షన్‌కు, ఎంతకాలం ఉచితంగా ఇస్తారో ఒప్పందంలోనే రాయించుకోండి; తెలిసిన లోపాల జాబితాను సంతకంతో అడగండి. ఇప్పటికే వాడుతున్నవారు ఆ సాఫ్ట్‌వేర్‌ను బ్రౌజరు నుంచి చేరుకునే వెబ్ పోర్టును అడ్మిన్ యంత్రాలకు తప్ప మరెవరికీ అందకుండా ఈ రోజే మూసేయండి, కమ్యూనిటీ స్ట్రింగులన్నీ మార్చేయండి.