మందు, దిగులు, వాంతులు కలిసినప్పుడు: ఇంటి దగ్గర చికిత్సా, వార్డులో చేరడమా?

మద్యం మానాలనుకునే మనిషికి దిగులూ, తిన్నది కావాలని కక్కేసే అలవాటూ ఉంటే విశాఖలో రెండు దారులున్నాయి.

ఓపీలో చూపించుకుని ఇంట్లోనే మందులు వాడితే ఉద్యోగం ఆగదు, ఖర్చు తక్కువ. తాగుడు మితంగా ఉండి, గతంలో ఫిట్స్ రాకుండా, వేళకు మందులిచ్చే మనిషి ఇంట్లో ఉంటే ఇది చాలు.

వాంతులు, పస్తులు తోడైతే మేం వార్డే మంచిదంటాం. వాంతులతో పొటాషియం పడిపోయి గుండె లయ తప్పవచ్చు. రోజూ ఎక్కువగా తాగేవారు ఒక్కసారిగా ఆపేస్తే 6 నుంచి 48 గంటల్లో ఫిట్స్, 2 నుంచి 4 రోజుల్లో మతి తప్పిన కలవరం రావచ్చు. థయమిన్ (విటమిన్ బి1) కొరత ఉన్నవారికి గ్లూకోజ్ ఒక్కటే ఎక్కిస్తే మెదడుకు దెబ్బ. థయమిన్ ఇంజెక్షన్ కూడా పడాలి. చిక్కిపోయాడని అమ్మ కొసరి కొసరి పెట్టే అన్నమూ ప్రమాదమే: చాలా రోజుల పస్తు తర్వాత కడుపునిండా తింటే రక్తంలో ఫాస్ఫేట్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. కొద్దికొద్దిగా, రక్తపరీక్షలు చూసుకుంటూ పెంచాలి.

అందుకే తాళం వేసి ఉంచడమే వైద్యమనుకునే డీఅడిక్షన్ సెంటర్లో చేర్చకండి. ఈసీజీ, ల్యాబ్, ఫిజీషియన్, సైకియాట్రిస్టు ఉన్నారా అని అడగండి. ఒళ్లు బాగా దెబ్బతింటే ముందు కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) లాంటి పెద్దాసుపత్రి, కుదుటపడ్డాక వాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాల.

ఎక్కడికెళ్లినా వాంతుల సంగతి దాచొద్దు. దిగులుకూ, సిగరెట్ మాన్పించడానికీ రాసే బుప్రోపియాన్ వీళ్లకు పడదు, ఫిట్స్ రావచ్చు. ఎటు వెళ్లాలో తేలకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి; తెలుగులోనే మాట్లాడతారు.