బిగ్స్‌బీతో నాకు పేచీ లేదు, దాని ముందున్న బ్రిడ్జ్‌తోనే

పాత హాలో బాడీ (లోపల డొల్లగా ఉండే) గిటార్‌కి బిగ్స్‌బీ, అంటే స్ట్రింగ్స్‌ని ఊపి స్వరం వణికించే లోహపు పిడి, తర్వాత ఎప్పుడో బిగించారని తెలిస్తే చాలు, కొనేవాళ్లు సగం మంది అక్కడే ఆగిపోతారు. నా దగ్గరున్న 1964 నాటి గిబ్సన్ ఈఎస్-175డి కూడా అలా పక్కన పడి ఉన్నదే. ఏళ్లుగా దీన్నే వాయిస్తున్నాను కాబట్టి చెబుతున్నాను, దీని మీద జరిగిన మార్పులన్నిట్లో తక్కువ హాని చేసింది ఆ బిగ్స్‌బీనే. నన్ను నిజంగా ఏడిపించింది మాత్రం ఎవరూ వేలెత్తి చూపని బ్రిడ్జ్, అంటే గిటార్ ముఖం మీద స్ట్రింగ్స్‌ని మోసే ముక్క.

మార్పు చేసిన గిటార్‌ని నేను లెక్కగట్టేది ఒకే ప్రశ్నతో: చెక్క ఎంత పోయింది? బిగ్స్‌బీలో బీ6 లాంటి మోడల్ వెనక రిమ్‌కే (పక్క చెక్కకే) బిగుస్తుంది, టాప్‌లో, అంటే ముందు చెక్కలో, ఒక్క స్క్రూ కూడా దిగదు. అదే బీ5 గానీ బీ7 గానీ అయితే టాప్‌లోకే స్క్రూలు పడతాయి, ఆ రంధ్రాలు ఎంత బాగా పూడ్చినా కనబడుతూనే ఉంటాయి. నా గిటార్‌కి ఉన్నది బీ6. ఎఫ్-హోల్‌లోంచి (టాప్ మీద ఎఫ్ ఆకారంలో ఉండే రంధ్రంలోంచి) చిన్న అద్దం, లైటు పెట్టి చూస్తే టాప్ లోపలి వైపు శుభ్రంగా ఉంది. ట్యూనర్లు ఉండే తల భాగం, అదే హెడ్‌స్టాక్, మాటే వేరు. పాత క్లూసన్ కంపెనీ ట్యూనర్లు (శ్రుతి చేసే మరలు) తీసేసి గ్రోవర్ కంపెనీవి పెట్టడానికి రంధ్రాలు పెద్దవి చేశారు, ఆ చెక్క ఇక తిరిగి రాదు. విచిత్రం ఏమిటంటే అమ్మకాల ప్రకటనల్లో బిగ్స్‌బీ గురించి పేరాలు పేరాలు రాస్తారు, ట్యూనర్ల రంధ్రాల గురించి ఒక్క వాక్యం ఉండదు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. పాట్‌ల (వాల్యూమ్, టోన్ తిప్పే భాగాల) మీద కోడ్ 13764తో మొదలవుతుంది, అంటే సీటీఎస్ కంపెనీ, 1964. అది పాట్ తయారైన ఏడాదే, గిటార్ అంతకంటే పాతది కాదని మాత్రమే దాని అర్థం, కానీ సోల్డర్ కదిలించినట్టు లేకపోవడం నాకు కోడ్ కంటే ఎక్కువ ధైర్యం ఇచ్చింది. పికప్‌ల కింద పేటెంట్ నంబర్ స్టిక్కర్ 2,737,842. ఆ నంబర్ చూసి నకిలీ అనుకోకండి. అది నిజానికి గిటారిస్ట్ లెస్ పాల్ టెయిల్‌పీస్ (స్ట్రింగ్స్ చివర్లు పట్టుకునే ముక్క) పేటెంట్, గిబ్సనే పికప్‌ల మీద అదే వేసింది. యూవీ లైటు కింద లక్కర్ (పై పూత) అంతా ఒకే రకంగా పసుపుపచ్చగా మెరిసింది, తర్వాత రంగు వేసిన చోట్లు ఉంటే అవి నల్లగా కనబడేవి.

ఇక బ్రిడ్జ్ సంగతి. అసలు వచ్చిన రోజ్‌వుడ్ బ్రిడ్జ్ తీసి ఎవరో రోజ్‌వుడ్ పీఠం మీద ట్యూన్-ఓ-మాటిక్ అనే లోహపు బ్రిడ్జ్ పెట్టారు. కొత్తలో నాకు బాగా నచ్చింది కూడా, ఏ స్ట్రింగ్‌కి ఆ స్ట్రింగ్ ఇంటొనేషన్ (అన్ని ఫ్రెట్లలోనూ శ్రుతి కుదరడం) సరిచేసుకోవచ్చు కదా. తర్వాత ఒక ప్రోగ్రాంలో, నెమ్మదైన పాట చివర్లో పై ఫ్రెట్ల దగ్గర కార్డ్ పట్టి బిగ్స్‌బీ కొంచెం ఊపితే అంతా అపశ్రుతి. శ్రుతి చూపించే ట్యూనర్ యంత్రంలో చూస్తే ఓపెన్ స్ట్రింగ్స్ అన్నీ నిక్కచ్చిగా ఉన్నాయి. నా కంగారు అక్కడ మొదలైంది, ఎందుకంటే శ్రుతి తప్పితే సరిచేసుకోవచ్చు, శ్రుతి కుదిరే ఉండి పై ఫ్రెట్లలో మాత్రం తప్పుతుంటే పాట మధ్యలో చెయ్యగలిగింది ఏమీ లేదు. నట్ (మెడ పైచివర స్ట్రింగ్స్ ఆనే ముక్క) గాళ్లలో గ్రాఫైట్ వేశాను, స్ట్రింగ్స్ మార్చాను, ఫ్రెట్లు చూపించాను. కొన్నాళ్లు బాగుండేది, మళ్లీ అదే.

కారణం దొరికింది లక్కర్ మీది గుర్తు వల్ల. పాత బ్రిడ్జ్ పాదం దశాబ్దాల పాటు కూర్చున్న చోట లేత నీడ ఉంటుంది. ఇప్పటి పీఠం ఆ నీడ దాటి నెక్ వైపు జరిగి ఉంది, సన్న స్ట్రింగ్స్ వైపు ఇంకొంచెం ఎక్కువ. స్ట్రింగ్ పొడవు తగ్గింది కాబట్టి పన్నెండో ఫ్రెట్ దగ్గర స్వరాలు ఎక్కువ పలుకుతున్నాయి. ఫ్లోటింగ్ బ్రిడ్జ్‌ని (టాప్‌కి బిగించకుండా ఊరికే కూర్చోబెట్టేదాన్ని) పట్టి ఉంచేది స్ట్రింగ్స్ ఒత్తిడి ఒక్కటే. బిగ్స్‌బీ నొక్కినప్పుడు సరిగ్గా ఆ ఒత్తిడే తగ్గుతుంది, సాడిల్ (బ్రిడ్జ్ మీద స్ట్రింగ్ ఆనే భాగం) గాళ్లు లోతుగా ఉంటే స్ట్రింగ్ జారకుండా బ్రిడ్జ్‌ని తనతో లాక్కుపోతుంది, వదిలినప్పుడు పూర్తిగా వెనక్కి రాదు. కానీ మూల కారణం ఇంకా కింద ఉంది. పీఠం అడుగు దాదాపు చదునుగా ఉంది, టాప్ వంపుకి తగ్గట్టు అరగదీయనే లేదు. ఒక కాగితం ముక్క పాదం కిందికి తోస్తే సాఫీగా లోపలికి వెళ్లిపోయింది! కుంటి పీట మీద కూర్చున్నట్టు ఆ బ్రిడ్జ్ ఇన్నాళ్లూ పాదాల లోపలి అంచుల మీదే నిలబడి ఉంది.

చూపించిన చోట రిపేరు చేసే ఆయన టాప్‌లో రెండు పిన్నులు దించుదాం, ఇక కదలదు అన్నారు. గ్రెచ్ కంపెనీ గిటార్లలో పిన్ చేసిన బ్రిడ్జ్‌లు మామూలే, పద్ధతి చెడ్డదని నేను అనను. కానీ ఇంతవరకు రంధ్రం పడని టాప్‌ని అరగదీయని పీఠం కోసం తొలవడానికి నాకు మనసొప్పలేదు. కేస్ అరలో పాత రోజ్‌వుడ్ బ్రిడ్జ్ ఉంది, దాన్నే తీసి ఆ నీడ మీద కూర్చోబెట్టాం. కాగితం ఎటు నుంచీ దూరలేదు. సాడిల్ గాళ్లలో పెన్సిల్ పొడి రాసి అప్పటి నుంచి అలాగే వాయిస్తున్నాను. బ్రిడ్జ్ కదల్లేదు, లోహపు గరగర పోయింది, కార్డ్ మొదటి దెబ్బ మెత్తబడి ఆ తర్వాత చెక్క మోగడం వినబడుతోంది. ఈ గిటార్ అసలు గొంతు నాకు అప్పుడే తెలిసింది, ఆ ఆనందం ఇంకా తగ్గలేదు.

ఇది అందరికీ కుదురుతుందని మాత్రం చెప్పలేను. ఆ పాత సాడిల్ చెక్కింది వౌండ్ (పైన తీగ చుట్టిన) జీ స్ట్రింగ్ కోసం, నేను వాడేది జీ కూడా అలా చుట్టి ఉండే ఫ్లాట్‌వౌండ్ సెట్ కాబట్టి సరిపోయింది. ప్లెయిన్ (చుట్టు లేని) జీ వేస్తే ఆ ఒక్క స్ట్రింగ్ శ్రుతి పైకి పోతూ ఉంటుంది. బిగ్స్‌బీని కూడా నేను కార్డ్ చివర్లో కొంచెం ఊపడానికే వాడతాను. లోతుగా నొక్కేవాళ్లకి స్ట్రింగ్ కింద చిన్న చక్రాలు తిరిగే రోలర్ బ్రిడ్జో, స్ట్రింగ్స్‌తో పాటు ఊగి వెనక్కి వచ్చే గట్టి మెటల్ బారో మేలు కావచ్చు, అయితే పీఠం మాత్రం టాప్‌కి తగ్గట్టు అరగదీయించండి.

బిగ్స్‌బీ తక్కువ హాని చేసిందన్నాను, హాని అసలే లేదని కాదు. తీసేస్తే రిమ్ మీద అదనపు స్క్రూ రంధ్రాలు బయటపడతాయి. అసలు జిగ్‌జాగ్ టెయిల్‌పీస్ నాకు కేస్‌లో దొరకలేదు, అది వెతికి కొనే ఖర్చు లెక్కలో వేసుకోవాలి. స్ట్రింగ్స్ మార్చడం ఇప్పటికీ విసుగే.

చిన్న స్టేజీల మీద, తక్కువ వాల్యూమ్‌లో, నాలాగా చేతిలో పెట్టుకుని వాయించడానికే కొనేవాళ్లయితే ఇలాంటి గిటార్‌ని వదలొద్దు, బేరం చేసే ముందు మాత్రం బ్రిడ్జ్ కింద కాగితం తోసి చూడండి. దాచుకోవడానికి కొనేవాళ్లకి ఇది కాదు, హెడ్‌స్టాక్ వల్లే. నేనైతే ఆ కాలం నాటి క్లూసన్‌ల కోసం వెతుకుతున్నాను. కన్వర్షన్ బుషింగ్‌లు (రంధ్రాన్ని చిన్నది చేసే లోహపు రింగులు) వేస్తే పెద్దవైన రంధ్రాల్లో కూడా అవి కూర్చుంటాయి, పోయిన చెక్క రాకపోయినా హెడ్‌స్టాక్ బరువైనా తగ్గుతుంది.