ఎక్కించేది చూసి కొన్నాను, దించేది చూడలేదు: లీవర్ కార్బైన్‌తో ఆరేళ్లు

ఎనిమిది తూటాలు ఎక్కించాను. దించితే ఏడే వచ్చాయి.

2022 అక్టోబరు, వాషింగ్టన్ రాష్ట్రంలో క్లే ఎలమ్ దాటాక ఓకనోగన్-వెనాచీ నేషనల్ ఫారెస్ట్‌లో ఒక ఆదివారం పొద్దున. టెంట్ మడిచేశాం, పిల్లలు కారెక్కారు, మా ఆవిడ స్టవ్ తుడుస్తోంది. నేను మనుషులు లేని వైపు, మట్టి గట్టుకేసి కార్బైన్ అనే పొట్టి రైఫిల్‌ను పట్టుకుని, ట్రిగ్గర్ చుట్టూ ఉండే లీవర్ ఆడిస్తున్నాను. ఒక్కో తూటా ఎగిరి కింద పరిచిన టవల్ మీద పడుతోంది. ఏడు పడ్డాక లీవర్ వట్టిగా ఆడింది. ఇంకోసారి ఆడించాను, ఏమీ రాలేదు. లోపల వేలు పెట్టి చూశాను, తూటా పేలే గది, అంటే ఛాంబర్, ఖాళీ. లెక్కపెట్టే అలవాటు లేకపోతే అక్కడితో కారులో పెట్టేసేవాణ్ణి. టవల్ దులిపాను, రాలిన పైన్ ఆకుల్లో వెతికాను. చివరికి మూతి పైకెత్తి, భుజానికి ఆనించే వెనక భాగాన్ని, అంటే బట్‌ను, అరచేత్తో రెండు దెబ్బలు వేసి లీవర్ ఆడిస్తే ఎనిమిదోది వచ్చి టవల్ మీద పడింది. బ్యారెల్ కింద తూటాలు వరుసగా ఉండే మ్యాగజైన్ గొట్టంలోకి ఎలా వచ్చిందో, సూదంత పైన్ ఆకు దూరి, తూటాలను వెనక్కి తోసే ప్లాస్టిక్ బిళ్లను పట్టేసింది.

కొనేముందు ఎన్నో వీడియోలు చూశాను. ఎక్కించడం, కాల్చడం అందరూ చూపించారు. దించడం ఒక్కరూ చూపించలేదు. అందుకే ఇక్కడినుంచి మొదలుపెట్టాను.

నా దగ్గరున్నది 1892 వించెస్టర్ నమూనాకి కాపీ. 16 అంగుళాల బ్యారెల్, తూటా రకం .357 మ్యాగ్నమ్, బరువు 5 పౌండ్లు, అంటే రెండుంపావు కేజీ పైచిలుకు. 2019లో కొన్నాను. తయారుచేసిన కంపెనీ పేరు చెప్పను. ఈ నమూనాని చాలామంది చేస్తారు, నేను చెప్పే గోల నా తుపాకిది మాత్రమే కావచ్చు. అసలు నమూనా తుపాకుల రూపకర్త జాన్ బ్రౌనింగ్‌ది. అంతకుముందు తానే చేసిన పెద్ద 1886 రైఫిల్‌ను పిస్టల్ సైజు తూటాలకు సరిపోయేలా చిన్నది చేశాడు. 1941లో తయారీ ఆపేసేసరికి పది లక్షలు దాటి అమ్ముడుపోయింది. నూట ముప్ఫై ఏళ్ల నాటి డిజైన్ ఇంత తేలిగ్గా, ఇంత గట్టిగా ఉండటం ఇప్పటికీ నాకు వింతే.

గ్రీన్‌కార్డ్ వచ్చేదాకా నేను వీటి జోలికే వెళ్లలేదు. హెచ్-1బి లాంటి వీసా మీదున్నవాళ్లు తుపాకి దగ్గర ఉంచుకోవడమే మామూలుగా ఫెడరల్ నేరం. హంటింగ్ లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉంది గానీ, నాలుగు రోజుల సరదా కోసం ఇమిగ్రేషన్ ఫైలుతో ఆటలాడే ధైర్యం నాకు లేదు. మీరు ఆ స్థితిలో ఉంటే ఫ్రెండ్స్ మాట కాదు, లాయర్ మాట వినండి.

నాకు కావలసినవి రెండు. అడవిలో భుజాన వేసుకుని తిరిగినా బరువు తెలియకూడదు. ఇంట్లో అవసరమైతే మా ఆవిడ కూడా వాడగలగాలి. ఆమె ఎత్తు ఐదడుగులు. .30-30 అనే పెద్ద తూటా రైఫిల్ పట్టుకుంటే రెండో రౌండ్‌కే "నా వల్ల కాదండీ" అని తిరిగి ఇచ్చేసింది. .44 మ్యాగ్నమ్ ఎలుగుబంట్ల చోట మంచిదే, కానీ ఇంత తేలికైన తుపాకిలో పెడితే భుజానికి అది చేసే మర్యాద వేరు. .357 దగ్గర ఆగడానికి కారణం .38 స్పెషల్ అనే మెత్తటి తూటా. ఒకే ఛాంబర్‌లో రెండూ నడుస్తాయి. .38 వేసి కాలిస్తే తన్నడం దాదాపు ఉండదు, చప్పుడూ తక్కువ. మా ఆవిడ మొదటి రోజే యాభై రౌండ్లు కాల్చి, డబ్బాలో ఇంకా ఉన్నాయా అని అడిగింది. అదే .357 తూటా నాలుగంగుళాల రివాల్వర్ నుంచి సెకనుకు 1,250 అడుగుల దగ్గర వెళ్తే, ఈ బ్యారెల్ నుంచి 1,700 దాటుతుంది. వంద గజాల లోపు నాకు ఇంతకన్నా అక్కర్లేదు.

కాల్చాక తర్వాతి తూటాని తానే ఎక్కించుకునే సెమీ ఆటోమేటిక్ ఎందుకు వద్దన్నానంటే అప్పట్లో కేవలం ఇష్టం. 2023 ఏప్రిల్‌లో వాషింగ్టన్ రాష్ట్రం చాలా రకాల సెమీ ఆటో రైఫిళ్ల అమ్మకం ఆపేసింది. లీవర్ యాక్షన్లు ఆ చట్టంలోకి రావు. నా ముందుచూపు అని చెప్పుకోవచ్చు గానీ, కాదు.

ఇక గోల. కొత్తలో, తూటాలు లోపలికి తోసే పక్క గేటు స్ప్రింగ్ ఎంత బిగువుగా ఉందంటే, ఆరో తూటా తోసేసరికి బొటనవేలి గోరు కింద చర్మం లేచిపోయేది. గేటు అంచు బ్లేడులా ఉంది. తర్వాత తుపాకులు బాగుచేసే ఒక గన్‌స్మిత్‌తో అంచు అరగదీయించి, స్ప్రింగ్ పలుచన చేయించాను. కాల్చాక మిగిలే తూటా తొడుగులను, అంటే ఖాళీ కేసులను, బయటికి తన్నే స్ప్రింగూ అంతే, రేంజ్‌లో నా ఖాళీ కేసులు పక్కవాళ్ల టోపీల మీద పడేవి. అదీ మార్పించాను. ప్లాస్టిక్ బిళ్ల స్థానంలో స్టీలుది పెట్టించింది మాత్రం ఆ పైన్ ఆకు సంగతి తర్వాతే. అప్పటినుంచి ఇరుక్కోలేదు.

లీవర్‌ని మెల్లగా, మర్యాదగా ఆడిస్తే ఈ తుపాకికి నచ్చదు. సగం దించి సగం ఎత్తితే తూటా అడ్డం తిరిగి ఇరుక్కుంటుంది. ముందుకు పూర్తిగా తోసి, వెనక్కి పూర్తిగా లాగాలి, మొహమాటం లేకుండా. మా ఆవిడ మొదట్లో చేసిన తప్పు ఇదే. ముక్కు దగ్గర మెట్టులా ఉండే సెమీ వాడ్‌కట్టర్ తూటాలు నా దాంట్లో పదింటికి ఒకటి ఆగుతాయి. గుండ్రటి ముక్కువో, చదును ముక్కువో వాడితే ఏ గొడవా లేదు. గొట్టం మ్యాగజైన్‌లో మొనదేలిన గట్టి తూటాలు ఎలాగూ పెట్టకూడదు. ఒకదాని మొన ముందున్న తూటా ప్రైమర్‌కి (అడుగున దెబ్బ తగిలితే అంటుకునే బిళ్లకి) ఆనుకుని ఉంటుంది, అదరుకు పేలిపోవచ్చు.

స్క్రూలు వదులవుతాయి. రెండు వందల రౌండ్లకోసారి స్క్రూడ్రైవర్ పట్టుకుని కూర్చోవాలి. ఇక సియాటిల్ వాన. మొదటి చలికాలం తుపాకిని దాని సంచిలో పెట్టి మర్చిపోతే, లీవర్ మీద, గేటు చుట్టూ ఎర్రగా తుప్పు పొడి లేచింది. ఇప్పుడు ట్రిప్పు నుంచి రాగానే, స్నానానికి ముందే, నూనె గుడ్డ.

2020, 21లలో తూటాలే దొరకలేదు. .38, .357 షెల్ఫులు నెలల తరబడి ఖాళీ. ఆ ఏడాదిన్నరలో నేను కాల్చింది వంద రౌండ్లు కూడా లేవు. ఆరేళ్లలో మొత్తం మూడు వేలు దాటాయి.

క్యాంపింగ్‌లో దీన్ని ఎన్నిసార్లు వాడాల్సి వచ్చిందంటే, సున్నా. నల్ల ఎలుగు రెండుసార్లు కనిపించింది. గిన్నెలు వాయిస్తే వెళ్లిపోయింది. 2018లో నార్త్ బెండ్ దగ్గర ఒక సైక్లిస్టును కూగర్ (కొండ సింహం) చంపేసింది, ఆ భయంతోనే నేను ఇదంతా మొదలుపెట్టాను. అయినా ఇప్పటికీ నా నడుముకు ముందు బేర్ స్ప్రే ఉంటుంది, తర్వాతే భుజాన కార్బైన్. స్ప్రే సరిగ్గా గురి చూడక్కర్లేదు, గాలివాటం చూసుకుంటే చాలు. నేషనల్ పార్కుల్లో 2010 నుంచి రాష్ట్ర చట్టం ప్రకారం వెంట ఉంచుకోవచ్చు గానీ కాల్చడం నిషేధం, విజిటర్ సెంటర్లలోకి తీసుకెళ్లకూడదు.

ఇంటి విషయానికొస్తే, ఇక్కడి చెక్క ఇళ్లలో గోడ అంటే రెండు అట్టలే. .357 గోడ దాటి పిల్లల గదిలోకి వెళ్లొచ్చని తెలిశాక ఏ వైపు కాల్చకూడదో గది గదికీ నిలబడి చూసుకున్నాం. తుపాకి లాకర్‌లో, తూటాలు ఇంకో చోట. "మరి దొంగ వస్తే తాళాలు తీసేదాకా ఆగుతాడా?" అని మా ఆవిడ నవ్వింది. పిల్లలున్న ఇంట్లో ఆ ఆలస్యం నాకు సమ్మతమే.

మళ్లీ దించడం దగ్గరికి. వాషింగ్టన్‌లో లోడ్ చేసిన రైఫిల్ కారులో ఉండకూడదు. ఛాంబర్‌లోనే కాదు, మ్యాగజైన్‌లో ఒక్క తూటా ఉన్నా లోడెడ్ కిందే లెక్క. అంటే ప్రతి ట్రిప్పులో, కారు ఎక్కే ప్రతిసారీ దించాలి. 1892 నమూనాలో దించడమంటే ప్రతి తూటానీ యాక్షన్ గుండా, అంటే లీవర్‌తో కదిలే యంత్రాంగం గుండా, బయటికి లాగడమే. లీవర్ సరిగ్గా ఆడించినప్పుడల్లా తూటాని పేల్చే హ్యామర్ వెనక్కి లేచి, కాల్చడానికి సిద్ధంగా ఉంటుంది, పక్కన అలసిపోయిన పిల్లలుంటారు, చేతులు చలికి కొంకర్లు పోతుంటాయి. నేను ఎన్ని ఎక్కించానో ఫోన్‌లో రాసుకుంటాను. నవ్వినా సరే.

2019లో షాపులో హెన్రీ అనే కంపెనీ లీవర్ రైఫిల్ కూడా చూశాను. దానికి పక్క గేటు లేదు, గొట్టం ముందు నుంచి లోపలి గొట్టం బయటికి లాగి ఎక్కించాలి. ఇదేం నస అని పక్కన పెట్టేశాను. దించేటప్పుడు అదే గొట్టం లాగి తూటాలను అరచేతిలోకి ఒంపుకోవచ్చని, ఛాంబర్‌లో ఉన్న ఒక్కటే లీవర్‌తో తీస్తే చాలని అప్పుడు తట్టలేదు. తర్వాత ఆ కంపెనీ పక్క గేటు పెట్టి, ముందు గొట్టాన్ని కూడా ఉంచిన మోడళ్లు తెచ్చింది. ఈ రోజు కొత్తగా కొంటే నేను వాటినే చూస్తాను. కానీ నా దానికన్నా కేజీ దాకా ఎక్కువ బరువు, అక్కడ మనసు మళ్లీ వెనక్కి లాగుతుంది. మార్లిన్ కంపెనీ 1894 మోడల్ కూడా మంచిదే. ఖాళీ కేసులు నా దాంట్లోలా పైకి కాక పక్కకి పడతాయి కాబట్టి పైన స్కోప్ బిగించుకోవచ్చు. దించడంలో మాత్రం నా దానికి చుట్టమే.

పోయిన ఏడాది మా ఆఫీసు కుర్రాడు ఒకడు కొంటానంటే షాపుకి వెంట వెళ్లాను. 2024 జనవరి నుంచి ఇక్కడ ట్రైనింగ్ సర్టిఫికెట్ కావాలి, పది పనిదినాలు ఆగాలి. అతని దగ్గర అన్నీ సిద్ధంగా ఉన్నాయి. నేను జేబులోంచి ఎనిమిది డమ్మీ తూటాలు తీశాను. షాపాయన సరేనన్నాడు. "ఎక్కించడం తర్వాత, ముందు ఇవి దించి చూపించు" అన్నాను. రెండు తుపాకులతో ప్రయత్నించి, గొట్టం లాగేదే తీసుకున్నాడు.

మొన్న ఇద్దరం కలిసి నడిచాం. రెండో మైలు దాటేసరికి అతను భుజం మార్చడం మూడుసార్లు చూశాను. ఏమీ అనలేదు.